యంత్రాల పరిభాష ఎవరి ఆస్తి?

మా కళాశాల కార్యాలయంలో కంప్యూటర్లు మూడు, ప్రింటరు ఒకటి. మూడు కంప్యూటర్లూ మూడు వేరు వేరు కాలాలలో కొన్నవి. వాటిలో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ పేరు ఒకటే. కూర్పులు మాత్రం మూడు. ప్రింటరు నడిమి కంప్యూటరుకు తగిలించి వున్నది. పాత కంప్యూటరుకు అది కనిపించదు. కొత్త కంప్యూటరుకు కనిపిస్తుంది గాని, అనుమతి లేదంటుంది. నిరుడు పరీక్షల ముందు హాల్ టికెట్లు అచ్చువేయవలసి వచ్చినప్పుడు మా గుమాస్తా ఒక్కొక్క ఫైలునూ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకొని, ఈ బల్ల దగ్గరనుంచి ఆ బల్ల దగ్గరకు సాయంత్రం దాకా తిరిగాడు. కిటికీ బయట విద్యార్థులు బారులు తీరి నిలబడ్డారు. "మూడూ పక్కపక్కనే వున్నాయి సార్. ఒకదాని మాట ఒకటి వినదు" అన్నాడాయన.

సాహిత్యం బోధించేవాడికి ఈ గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. అడిగారు కూడా. ఇది మెకానిక్కు చూసుకోవలసిన పని అన్నారు. కాని ఆ గుమాస్తా అన్న మాటలో సమస్య యావత్తూ వున్నది. యంత్రానికీ యంత్రానికీ మధ్య ఒక మాట వున్నది. ఆ మాటకు వ్యాకరణం వున్నది. ఆ వ్యాకరణాన్ని ఎవరో రాశారు, ఎవరో దాచిపెట్టారు, ఎవరో బయటపెట్టారు. రాతలో భాష ఎవరిది అన్న ప్రశ్న మీద దశాబ్దాల తరబడి పోట్లాడుకున్న జాతి మనది. గ్రాంథిక వ్యావహారిక వివాదాన్ని తరగతిలో పాఠంగా చెప్పే మనం, ఇది మనకు సంబంధించని విషయమని ఏ ముఖంతో అనగలం?

ఈ పంచుకోవడం ఎక్కడ మొదలైందో చూస్తే, అది ఔదార్యంతో మొదలు కాలేదని తెలుస్తుంది. ఖరీదుతో మొదలైంది. జెరాక్స్ కంపెనీలో పనిచేసే గ్యారీ స్టార్క్‌వెదర్, 1971లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో పరిశోధనాలయంలో, ఒక కాపీ యంత్రాన్ని మార్చి లేజర్ ప్రింటరును తయారుచేశాడు. అటువంటి యంత్రాన్ని మనిషికొకటి ఇవ్వడం ఏ సంస్థకూ సాధ్యం కాదు. అదే పరిశోధనాలయంలో 1973 మే 22న రాబర్ట్ మెట్కాఫ్ ఈథర్‌నెట్‌ను గురించి తన పత్రం రాశాడు. చిన్న కంప్యూటర్లన్నింటినీ ఒకే తీగకు తగిలించి, వాటన్నింటికీ ఆ ప్రింటరు అందేటట్టు చేయడం ఆ పథకం వెనుకనున్న అవసరాలలో ఒకటి. పన్నెండేళ్ల తరువాత, 1985లో, ఆపిల్ కంపెనీ తన లేజర్ రైటర్‌ను 6,995 డాలర్లకు అమ్మకానికి పెట్టినప్పుడు కూడా, నాలుగు కంప్యూటర్లు కలిసి వాడుకొనే ఏర్పాటును దానిలోనే అమర్చవలసి వచ్చింది. లేకపోతే కొనేవాడు లేడు. సాధనం పదిమందిదీ కాక తప్పని స్థితి. దానిని నడిపించే రహస్యం మాత్రం ఒకడిది. ఉత్పత్తి శక్తులకూ ఉత్పత్తి సంబంధాలకూ మధ్య వైరుధ్యమని మనం పుస్తకాలలో చదివినది ఇంత చిన్న పెట్టెలో ఇమిడి వుంటుందని నేను అనుకోలేదు.

ఆ వైరుధ్యం మొదట బయటపడిన చోట్లలో ఒకటి, కాగితం ఇరుక్కుపోయిన చోటు. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో కృత్రిమ మేధ ప్రయోగశాలవారికి అందరికీ కలిపి ఒక ప్రింటరు వుండేది. అది వేరే అంతస్తులో వుండేది. కాగితం ఇరుక్కుంటే తెలిసేది కాదు. ఎవరికి వారు, పక్కవాడు చూసుకుంటాడులే అనుకొనేవారు. రిచర్డ్ స్టాల్మన్ అనే యువకుడు ఆ ప్రింటరును నడిపే ప్రోగ్రామును తిరగరాసి, కాగితం ఇరుక్కున్న మరుక్షణం అచ్చుకోసం ఎదురుచూస్తున్న వారందరికీ కబురు వెళ్లేటట్టు చేశాడు. ఎవరో ఒకరు వెళ్లి సరిచేసేవారు. 1980 ప్రాంతంలో జెరాక్స్ కంపెనీ ఆ ప్రయోగశాలకు కొత్త లేజర్ ప్రింటరును బహూకరించింది. వేగం ఎక్కువే. కాని దాని ప్రోగ్రాము మూల రచన చేతికి రాలేదు. కబురు చెప్పే ఏర్పాటు చేయడానికి వీలులేకపోయింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆ మూల రచన వున్న పరిశోధకుణ్ణి స్టాల్మన్ స్వయంగా అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి రాసి ఇచ్చానన్నాడాయన. 1983 సెప్టెంబరు 27న స్టాల్మన్ ప్రకటించిన గ్నూ ఉద్యమానికి ఈ తిరస్కారం ఒక బీజమని ఆయనే అనేకసార్లు చెప్పాడు. ఈ కథను చెప్పేవారు సాధారణంగా ఆయన కోపాన్ని గురించి చెప్తారు. నాకు మాత్రం ఆ పాత ప్రింటరు పంపిన కబురు ముఖ్యంగా కనిపిస్తుంది. సాధనం వుమ్మడిది అయినప్పుడు దానిని చూసుకొనే బాధ్యత కూడా వుమ్మడి కావాలి. అందుకు యంత్రం లోపల ఏమి జరుగుతున్నదో వాడేవారికి తెలియాలి. ఆ తెలుసుకొనే హక్కును సంతకం చేసి అమ్మేశారు.

ఇక అసలు పరిభాష సంగతి. కార్యాలయాలలో ఫైళ్లనూ ప్రింటర్లనూ పంచుకొనడానికి విరివిగా వాడుతున్న ప్రోటోకాల్ పేరు ఎస్.ఎం.బి. 1980ల తొలి సంవత్సరాలలో ఐ.బి.ఎం. వుద్యోగి బ్యారీ ఫైగెన్‌బామ్ దానిని రూపొందించాడు. సారాంశంలో అది ఒక సంభాషణ. ఫలానా ఫైలు తెరువు, ఇంతవరకు చదువు, దీనిని అచ్చుకు వరుసలో పెట్టు, ఇక మూసివెయ్యి - ఇటువంటి ఆజ్ఞలూ, వాటికి జవాబులూ. భాషాభ్యాసం చేసిన వారికి ఇందులో ఒక విశేషం వున్నది. సంభాషణ మొదలుపెట్టే కంప్యూటరు, తనకు వచ్చిన మాండలికాలన్నింటి జాబితానూ ముందుగా ఎదుటి కంప్యూటరుకు వినిపిస్తుంది. ఎదుటిది వాటిలో తనకూ వచ్చినదానిని ఎంచుకొంటుంది. అలంకారానికి నేను ఈ పదం వాడటం లేదు. ఆ ఇంజనీర్లే వాటికి మాండలికాలని పేరు పెట్టుకొన్నారు. వుమ్మడి మాండలికం ఒక్కటీ లేకపోతే సంభాషణ అక్కడితో సరి. మా గుమాస్తా చెప్పినది అక్షరాలా నిజం.

ఐ.బి.ఎం. తరువాత ఈ పరిభాషను పెంచి పోషించినది మైక్రోసాఫ్ట్. 1987లో త్రీకాం కంపెనీతో కలిసి లాన్ మేనేజర్ అనే సరకును బజారులో పెట్టింది. అప్పుడు ఆ రంగంలో రాజ్యమేలుతున్నది నోవెల్ కంపెనీ. మరోవంక సన్ కంపెనీ 1984లో తెచ్చిన ఎన్.ఎఫ్.ఎస్. అనే పద్ధతి, బహిరంగ ప్రమాణంగా యూనిక్స్ ప్రపంచమంతా పాకింది. ఈ పరిస్థితిలో మైక్రోసాఫ్ట్ తన పరిభాషను దాచుకోలేదు. 1992లో ఎక్స్ ఓపెన్ అనే ప్రమాణాల సంఘం దాని వివరాలను పుస్తకంగా అచ్చువేసింది కూడా. పాఠకులు ఈ ఘట్టాన్ని గుర్తుంచుకోవాలి. బలహీనుడుగా వున్నప్పుడు పెట్టుబడిదారు తలుపులు తెరుస్తాడు. నలుగురూ తన పరిభాష నేర్చుకొంటే తన సరకు అమ్ముడుపోతుంది. నలుగురూ నేర్చుకొన్న తరువాత అదే తలుపుకు గొళ్లెం పెడతాడు.

1991 డిసెంబరులో ఆస్ట్రేలియా రాజధాని కాన్బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థికి ఒక చిన్న అవసరం వచ్చింది. తన బల్లమీది పి.సి.కి విశ్వవిద్యాలయంలోని యూనిక్స్ యంత్రం మీది ఫైళ్లు అందాలి. పి.సి.లో వున్న సాఫ్ట్‌వేరు డిజిటల్ కంపెనీది. అది తన కంపెనీ సర్వర్లతోనే మాట్లాడుతుంది. వాటి పరిభాష ఏమిటో ఈ విద్యార్థికి తెలియదు. అప్పటికి అది ఎస్.ఎం.బి. అన్న సంగతి కూడా తెలియదు. అతను చేసిన పని, తీగ మీద ప్రవహిస్తున్న సందేశాలను చూస్తూ కూర్చోవడం. ఆ పద్ధతిని తరువాత ఆయన ఒక ఫ్రెంచి కాఫీ హోటలుతో పోల్చాడు. ఫ్రెంచి ముక్క రానివాడు ఆ హోటల్లో ఒక మూల కూర్చుంటాడు. పక్క బల్లవాడు ఏదో అంటాడు, కాఫీ వస్తుంది. మరొకడు మరేదో అంటాడు, రొట్టె వస్తుంది. వింటూ, చూస్తూ, రాసుకొంటూ పోతే కొన్నాళ్లకు ఆ భాష పట్టుపడుతుంది. ఇంకా తెలియని మాట వుంటే తానే పలికి చూసి, ఏమి తెచ్చిపెడతారో గమనించవచ్చు.

ఇది చదివినప్పుడు నాకు పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకు వచ్చారు. సవర భాషకు లిపి లేదు, వ్యాకరణ గ్రంథం లేదు. పంతులుగారు సవరలతో మాట్లాడి, విని, రాసుకొని ఆ భాష నేర్చుకొన్నారు. 1931లో దాని వ్యాకరణం అచ్చయింది. ఇక్కడ భేదం కూడా చెప్పాలి. సవరలు తమ భాషను ఎవరినుంచీ దాచలేదు. దానిని పట్టించుకొన్న నాథుడు లేడు, అంతే. ట్రిడ్జెల్ ముందు ఒక కంపెనీ వ్యాపార రహస్యం వున్నది. ఐనా పద్ధతి ఒకటే: మాట్లాడుకొంటున్నప్పుడు వినబడే భాషను ఎవరూ పూర్తిగా దాచలేరు.

1992 జనవరిలో అతను తన ప్రోగ్రామును అందరికీ వుచితంగా వదిలాడు. రెండేళ్లు దానిని మరిచిపోయాడు కూడా. తన ఇంట్లో లినక్సు యంత్రాన్నీ భార్య పి.సి.నీ కలపవలసి వచ్చినప్పుడే, తాను కనిపెట్టిన పరిభాష ఎస్.ఎం.బి. అనీ, మైక్రోసాఫ్ట్ యంత్రాలూ దానినే మాట్లాడుతాయనీ తెలిసింది. ఆ ప్రోగ్రాముకు పెట్టిన పేరును వాడుకోరాదని మరొక కంపెనీ అభ్యంతరం చెప్పగా, 1994లో కంప్యూటరులోని పదాల పట్టికలో స, మ, బ అనే ధ్వనులు వరుసగా వచ్చే ఇంగ్లీషు మాటలకోసం వెతికించాడు. దొరికిన నాలుగైదు మాటలలో ఒక నృత్యం పేరు వున్నది: సాంబా. ఒక కట్టెకోత మాటా, ఒక పండు పేరూ కూడా వచ్చాయట. మన అదృష్టం బాగుండి నృత్యం నెగ్గింది.

అయితే ట్రిడ్జెల్‌ను వీరపురుషుడుగా చిత్రించే అలవాటు మంచిది కాదు. చరిత్రను మహాపురుషుల జీవితచరిత్రగా రాయడాన్ని ఒప్పుకోని మనం ఈ రంగంలోకి వచ్చేసరికి మేధావి పూజ మొదలుపెడతాం. జెరెమీ ఆలిసన్ మొదలుకొని అనేక దేశాల ప్రోగ్రామర్లు ఏళ్ల తరబడి ఆ పరిభాషలోని ప్రతి విభక్తినీ ప్రతి అపవాదాన్నీ పట్టుకొని రాసినందువల్ల సాంబా నిలబడింది. ఇది ఎడతెగని పని. ప్రతి కొత్త కూర్పుతోనూ విండోస్ మాట తీరు మారుతుంది. 1997లో విండోస్ ఎన్.టి. 4.0కు మూడవ సర్వీస్ ప్యాక్ వచ్చి, సంకేత రూపంలోకి మార్చని సంకేతపదాలను పంపడానికి నిరాకరించింది. ఒక్కసారిగా ఎన్నో సర్వర్లు మూగబోయాయి. ఈ మార్పుకు కారణం సబబైనదే. తీగ మీద సంకేతపదం బాహాటంగా పోవడం దొంగకు తాళంచెవి ఇవ్వడమే. అన్ని అడ్డంకులూ కుట్రలే అనే విమర్శకులతో నాకు ఏకీభావం లేదు. కాని 2000 సంవత్సరంలో జరిగిన దానికి ఈ సమర్థన చెల్లదు. ఎం.ఐ.టి.లో పుట్టి లోకానికంతా తెరిచివున్న కెర్బరోస్ అనే గుర్తింపు పద్ధతిని మైక్రోసాఫ్ట్ విండోస్ 2000లోకి తీసుకొన్నది. అందులో ఒక అరలో తన సొంత సమాచారం చేర్చింది. ఆ అర వివరాలను, వ్యాపార రహస్యంగా కాపాడతామని ఒప్పుకొన్నవారికి మాత్రమే చూపింది. చదవవచ్చు, చదివినదానితో ఏమీ రాయకూడదు! మన దేశంలో వేదం చదువుకు పెట్టిన నిషేధాల కన్న ఇది ఎంత భిన్నమో పాఠకులే ఆలోచించుకోవచ్చు.

ఈ వివాదం న్యాయస్థానానికి ఎక్కింది. 1998లో సన్ కంపెనీ యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. 2004 మార్చి 24న కమిషన్ మైక్రోసాఫ్ట్‌ను దోషిగా నిర్ణయించి 49 కోట్ల 70 లక్షల యూరోలకు పైగా జరిమానా వేసింది. పరిభాష వివరాలు పోటీదారులకు ఇవ్వాలని ఆజ్ఞాపించింది. ఆ తీర్పులో వివాదాస్పదమైన బజారుకు ఇచ్చిన నిర్వచనం గమనించదగినది: ఫైళ్లు పంచడం, ప్రింటర్లు పంచడం, వాడుకరులనూ వారి బృందాలనూ నిర్వహించడం. మా కార్యాలయంలోని గొడవే అది. దానిమీద ఒక ఖండం న్యాయశాస్త్రం నడిచింది.

తరువాత జరిగిన కథే నాకు అసలైన కథగా తోస్తుంది. 2004 ఏప్రిల్‌లో సన్ కంపెనీ మైక్రోసాఫ్ట్‌తో సుమారు 195 కోట్ల డాలర్లకు రాజీపడి తప్పుకొన్నది. నవంబరులో నోవెల్ కంపెనీ 53 కోట్ల 60 లక్షల డాలర్లకు తప్పుకొన్నది. మరుసటి సంవత్సరం రియల్ నెట్‌వర్క్స్ తప్పుకొన్నది. ఫిర్యాదీలు ఒక్కరొక్కరే ధర కట్టించుకొని వెళ్లిపోయారు. కొన్ని వ్యాపార సంఘాలు మిగిలాయి గాని, మాండలికం సాంకేతిక వివరాలను క్షుణ్ణంగా ఎరిగి కమిషన్ పక్షాన నిలిచినవారు సాంబా బృందమూ, యూరోపియన్ ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థా. వారికి రాజీ ధర ఏమిటి? కొనడానికి అక్కడ కంపెనీ లేదు, వాటాలు లేవు. 2006లో లక్సెంబర్గ్ న్యాయస్థానంలో ట్రిడ్జెల్ స్వయంగా నిలబడి ఈ పరిభాష ఎలా పనిచేస్తుందో వివరించాడు. అదే సంవత్సరం నవంబరులో నోవెల్ మైక్రోసాఫ్ట్‌తో పేటెంట్ల ఒప్పందం చేసుకొనగా, నోవెల్‌లో వుద్యోగం చేస్తున్న ఆలిసన్ నిరసనగా రాజీనామా ఇచ్చాడు.

2007 సెప్టెంబరు 17న న్యాయస్థానం కమిషన్ తీర్పును ప్రధానాంశాలన్నింటిలోనూ ఖాయపరిచింది. డిసెంబరు 20న సాంబా బృందం తరఫున ఒక సంస్థ 10,000 యూరోలు ఒక్కసారి చెల్లించి పత్రాలు అందుకొన్నది. పత్రాలు రహస్యంగానే వుంచాలి. వాటిని చదివి రాసిన ప్రోగ్రామును మాత్రం లోకానికంతా పంచవచ్చు. రెండు నెలలు తిరిగేసరికి, 2008 ఫిబ్రవరిలో, మైక్రోసాఫ్ట్ తానే 30,000 పేజీలకు పైగా వివరాలను బహిరంగపరచింది. అదే నెలలో, ఆజ్ఞను సకాలంలో పాటించనందుకు కమిషన్ మరి 89 కోట్ల 90 లక్షల యూరోల జరిమానా వేసింది; 2012లో అది 86 కోట్లకు తగ్గింది.

దీనిని ప్రజావిజయమని కొందరు మిత్రులు రాశారు. నేను అంత దూరం పోలేను. వ్యాజ్యాన్ని మొదలుపెట్టినది ఒక పెట్టుబడిదారు. విచారించినది పెట్టుబడిదారీ పోటీని కాపాడడానికి పెట్టిన సంస్థ. సాంబాను వాడుకొని ఫైళ్లు దాచే పెట్టెలు అమ్మి లాభాలు గడించిన కంపెనీలు లెక్కకు మిక్కిలి. సాంబా బృందం, తమ శ్రమ ఫలం వాడేవాడి చేతిలో కూడా స్వేచ్ఛగా వుండాలనే కొత్త షరతుల లైసెన్సుకు మారిన తరువాత, ఆపిల్ కంపెనీ 2011లో సాంబాను వదిలి తన సొంత ప్రోగ్రాము రాసుకొన్నది. వుచితంగా వచ్చినన్నాళ్లు తిన్నారు, బాధ్యత అడిగేసరికి విస్తరి ముందునుంచి లేచారు. ఇన్నిటి మధ్యా ఆ 30,000 పేజీలు ఇవాళ ఎవరైనా చదువుకోవచ్చునన్న సంగతి మాత్రం కాదనలేనిది.

కూర్పుల తేడాలో వర్గపు తేడా ఎలా దాగి వుంటుందో 2017 మే 12న లోకం చూసింది. ఎస్.ఎం.బి. మొదటి మాండలికంలో ఒక లోపం వున్నది. దానిని అమెరికా గూఢచారి సంస్థ ఎన్.ఎస్.ఎ. ఎరిగి, లోకానికి చెప్పకుండా ఆయుధంగా దాచుకొన్నది. ఆ ఆయుధం దొంగలపాలై ఏప్రిల్‌లో బయటపడింది. వనాక్రై అనే దోపిడి ప్రోగ్రాము దానిమీద ఎక్కి ఒక్కరోజులో దేశదేశాలకు పాకింది. ఇంగ్లండులో 236 ఆరోగ్య ట్రస్టులలో కనీసం 81 చిక్కుకొన్నాయి. చికిత్సలు వాయిదా పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లకు కూడా అది సోకింది. లోపాన్ని సరిదిద్దే మార్పు మార్చి 14నే వచ్చింది. అయితే కంపెనీ అండదండలు వున్న కూర్పులకు మాత్రమే. 2014లో అండ తీసివేసిన విండోస్ ఎక్స్.పి.కి అది అందినది ఉపద్రవం తరువాత, మే 13న. కొత్త కూర్పు కొనగలిగినవాడికి ముందు, కొనలేనివాడికి వెనుక. అదే మే 24న సాంబాలోనూ ఒక తీవ్రమైన లోపం బయటపడింది. ఏడేళ్లుగా అందులో వున్నది. మూల రచన తెరిచి వుంచినంత మాత్రాన తప్పులు వుండవని మనవాళ్లు చేసే ప్రచారానికి ఇది జవాబు.

తెలుగువాళ్లకు ఈ సమస్యలో మరొక పొర వున్నది. ఫైలు తీగ దాటి వస్తుంది, అక్షరం రాదు. పాత అచ్చు పనివారి ఫాంట్లలో కూర్చిన తెలుగు, ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే రోమను గుర్తుల కుప్ప. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం దొరికినా, విండోస్‌లో తెలుగు లిపి గౌతమి ఫాంటుతో వచ్చినది 2001లో, ఎక్స్.పి.తోనే. ఆ మధ్య పదేళ్లలోనూ తరువాతనూ కూర్చిన పుస్తకాలెన్నో ఇవాళ ఏ యంత్రమూ సరిగా చదవలేని ఫైళ్లుగా పడివున్నాయి. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ అనే సంస్థ విద్యార్థులతో కలిసి తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు పని చేస్తున్నది. మన సాహిత్య సంఘాలు అటు చూసినది తక్కువ.

ప్రింటర్ల సంగతి కొంత మెరుగు. ఐ.పి.పి. అనే బహిరంగ పరిభాష 1999లో వెలువడింది. అదే సంవత్సరం మైకేల్ స్వీట్ రాసిన కప్స్ అనే స్వేచ్ఛా ప్రోగ్రాము దానిని యూనిక్స్ జాతి యంత్రాలన్నింటికీ అలవాటు చేసింది.

మా కార్యాలయం గొడవను చివరికి తీర్చినది మూడవ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని. పనికిరాదని మూల పడవేసిన నాలుగో కంప్యూటరును తుడిచి, అందులో లినక్సూ, సాంబా, కప్సూ ఎక్కించింది. ప్రింటరును దానికి తగిలించింది. కొత్త కంప్యూటర్లు రెండూ వెంటనే మాట కలిపాయి. పాతది కలపలేదు. సాంబా కూడా 2019లో వచ్చిన 4.11 కూర్పునుంచి ఆ మొదటి మాండలికాన్ని మామూలుగా మూసివుంచుతున్నదని ఆ అమ్మాయి చెప్పింది. తెరవవచ్చు, కాని ప్రమాదం. "దాన్ని ఇంటర్నెట్ నుంచి విడదీస్తేనే తెరుస్తాను సార్" అన్నది. పాత కంప్యూటరులో పదిహేనేళ్ల మార్కుల జాబితాలున్నాయి. గుమాస్తా కాసేపు ఆలోచించి తీగ తీసివేయమన్నాడు. సాయంత్రానికి మూడు బల్లలనుంచీ కాగితాలు వచ్చాయి. మరునాడు ఆ నాలుగో పెట్టె మీద ఆయన స్వహస్తాలతో రాసి అతికించిన చీటీ కనిపించింది: "దీనిని ఆపవద్దు. కాగితం ఇరుక్కుంటే ఎవరు చూస్తే వారే తీయవలెను."